ఎలక్ట్రిక్ సెడాన్ నుంచి పెద్ద ఎలక్ట్రిక్ బండికి: నల్లగొండ, పాలమూరు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మూడు నాలుగేళ్ల కిందట చిన్న ఎలక్ట్రిక్ సెడాన్ కొనుక్కున్న మన ప్రాంతపు కుటుంబాలు ఇప్పుడు పెద్ద బండి వైపు చూస్తున్నాయి. పిల్లలు ఎదిగారు, అమ్మానాన్నలు వచ్చి కలిసి ఉంటున్నారు, ఊరికి పోయి వచ్చిన ప్రతిసారీ బియ్యం బస్తాలూ బత్తాయిలూ వెంట వస్తున్నాయి. మా ఇంట్లోనూ ఇదే కారణంతో బండి మార్చాం. అప్పటి నుంచి బంధువులు, ఇరుగుపొరుగు వారు, తోటి ఉద్యోగులు అవే సందేహాలను మళ్లీ మళ్లీ అడుగుతున్నందున జవాబులను ఒకచోట చేర్చాను. దేనికది విడిగా చదువుకోవచ్చు. బ్యాటరీ పరిమాణాన్ని కంపెనీలు కిలోవాట్-అవర్లలో చెబుతాయి. ఒక కిలోవాట్-అవర్ అంటే మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్ కాబట్టి, అన్ని చోట్లా యూనిట్లనే రాశాను.

## నిర్ణయానికి ముందు

వ్యాగన్ అంటే ఏ బండి? మన దగ్గర ఎలక్ట్రిక్‌లో దొరుకుతదా?

సెడాన్‌లో డిక్కీ విడి గదిలా ఉంటుంది. వ్యాగన్‌లో పైకప్పు వెనుక తలుపు దాకా సాగుతుంది, సామాను చోటు కూర్చునే చోటుతో కలిసిపోతుంది. మన దేశంలో 1990లలో టాటా ఎస్టేట్, ఆ తర్వాత ఇండిగో మరీనా అలాంటి బండ్లే. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.7 టూరర్ వంటి అసలు సిసలు ఎలక్ట్రిక్ వ్యాగన్లు ఐరోపాలో తిరుగుతున్నాయి గానీ మన షోరూములకు రాలేదు. ఇక్కడ ఆ అవసరాన్ని తీర్చేవి వ్యాగన్ పోలికలున్న పొడవాటి కుటుంబ బండ్లు: 2024 సెప్టెంబరులో వచ్చిన ఎమ్‌జీ విండ్సర్, అదే ఏడాది అక్టోబరులో వచ్చిన బీవైడీ ఈమ్యాక్స్ 7, 2025 జులైలో వచ్చిన కియా కారెన్స్ క్లావిస్ ఈవీ. విండ్సర్‌లో ఐదుగురు కూర్చోవచ్చు, మిగిలిన రెండింటిలో మూడు వరుసల సీట్లున్నాయి.

మాకు నిజంగా పెద్ద బండి అవసరమా, లేక ఆశ పడుతున్నామా?

మూడు నెలల పాటు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: సెడాన్‌లో చోటు చాలక రెండో బండి మాట్లాడుకున్న రోజులు, సామాను బస్సులో వేసి పంపిన రోజులు, అవ్వను ఇంటి దగ్గరే వదిలి వెళ్లిన రోజులు. నెలకు రెండు మూడు సార్లు అలా జరుగుతుంటే మార్పు న్యాయమైనదే. ఏడాదికి ఒక పెళ్లి, ఒక జాతర కోసమే అయితే ఆ రెండు రోజులకు కిరాయి బండి మాట్లాడుకోవడం ఎంతో చవక. అవ్వను వదిలి వెళ్లిన రోజు ఒక్కటి ఉన్నా దానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. మా ఇంట్లో నిర్ణయం తేలింది అక్కడే.

ఏడు సీట్లు ఉంటే ఏడుగురమూ సామానుతో సహా పోవచ్చు కదా?

పోలేరు. కొనేవారిలో ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. కారెన్స్ క్లావిస్ ఈవీలో మూడు వరుసలూ నిలబెట్టి ఉంచితే వెనుక మిగిలే చోటు 216 లీటర్లు. టాటా టిగోర్ ఈవీ సెడాన్ డిక్కీ 316 లీటర్లు. అంటే ఏడుగురు కూర్చున్న పెద్ద బండిలో సామానుకు మిగిలే చోటు పాత చిన్న కారు డిక్కీ కంటే తక్కువ. మూడో వరుసను పడుకోబెడితే చోటు విశాలమవుతుంది గానీ, అప్పుడు అది ఐదుగురి బండి. ఐదుగురే ఉండి సామాను ఎక్కువగా మోసే కుటుంబానికి మూడో వరుస లేని బండే నయం. విండ్సర్ 38 యూనిట్ల రకంలో డిక్కీ 604 లీటర్లు.

కాబట్టి షోరూముకు ఒంటరిగా వెళ్లకండి. ఇంటిల్లిపాదినీ, మీరు మామూలుగా మోసే రెండు పెద్ద సూట్‌కేసులనూ, వీలైతే ఒక పాతిక కిలోల బియ్యం బస్తానూ తీసుకెళ్లి, అందరూ కూర్చున్నాక అవి ఎక్కడ పడతాయో చూడండి. అమ్మేవారు కొంత ఇబ్బంది పడినా కాదనరు. మూడో వరుసలో ఎదిగిన మనిషిని కనీసం పావుగంట కూర్చోబెట్టి, మోకాళ్లు ఎక్కడికి వస్తున్నాయో అడగండి. పదేళ్ల పిల్లలకు సరిపోయే ఆ సీటు ఆరడుగుల బావమరిదికి సూర్యాపేట దాకా కూడా ఓర్పును మిగల్చకపోవచ్చు.

ఎత్తైన వెనుక తలుపు వల్ల కలిగే మరో మేలును మా ఇంటి ఆడవాళ్లు మొదటి బతుకమ్మ పండుగ నాడే గుర్తించారు. సెడాన్ డిక్కీలో పట్టని బతుకమ్మ ఇందులో నిలువుగా నిలబడి చెరువు దాకా చెక్కుచెదరకుండా వచ్చింది.

మా గల్లీ చిన్నది, పాత గేటు. పెద్ద బండి లోపలికి పడుతదా?

టేపుతో కొలిచి చూడండి. టిగోర్ ఈవీ పొడవు 3,993 మిల్లీమీటర్లు, వెడల్పు 1,677. కారెన్స్ క్లావిస్ ఈవీ పొడవు 4,550, వెడల్పు 1,800. అడుగుల్లో చెప్పాలంటే పొడవు పదమూడు నుంచి పదిహేనుకు, వెడల్పు అయిదున్నర నుంచి దాదాపు ఆరుకు పెరుగుతుంది, అందులోనూ అద్దాల వెడల్పు కలపలేదు. పాత ఇళ్ల ఏడడుగుల గేట్లలో బండి దూరుతుంది గానీ, గల్లీలో నుంచి ఒక్క మలుపులో లోపలికి తిప్పడం కుదరకపోవచ్చు. టెస్ట్ డ్రైవ్ బండిని మీ ఇంటికే తెప్పించుకొని గేటులో పెట్టి చూడండి. వెనుక తలుపు పైకి లేచేటప్పుడు రేకులకో సజ్జాకో తగులుతుందేమో అప్పుడే తెలుస్తుంది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఏది మేలు?

పొడవాటి కుటుంబ బండి. సెడాన్‌లో కిందికి కూలబడి, మళ్లీ చేతులు ఊని పైకి లేవాలి. ఈ బండ్లలో సీటు దాదాపు నడుము ఎత్తున ఉంటుంది కాబట్టి పక్కకు జరిగి కూర్చుంటే చాలు. మరీ ఎత్తైన ఎస్‌యూవీలో మళ్లీ ఎక్కే కష్టం మొదలవుతుంది, చీర కట్టుకున్నవారికి అది ఇంకా కష్టం.

బండి పెద్దదైతే రేంజి పడిపోతదా?

ఒక్కో యూనిట్‌కు వచ్చే దూరం తగ్గుతుంది, మొత్తం రేంజి, అంటే ఒకసారి నింపితే నడిచే దూరం, మాత్రం సాధారణంగా పెరుగుతుంది. ఎత్తైన బండి గాలిని ఎక్కువగా తోసుకుంటూ పోవాలి, బరువూ ఎక్కువ. మా సెడాన్ అన్ని రకాల ప్రయాణాలూ కలిపి యూనిట్‌కు 8 కిలోమీటర్ల దాకా ఇచ్చేది, పెద్ద బండి ఆరున్నర ఇస్తోంది. అయితే టిగోర్ ఈవీ బ్యాటరీ 26 యూనిట్లు కాగా, కొత్త బండ్లలో అది 38 నుంచి 50 యూనిట్ల పైదాకా ఉంటుంది.

కంపెనీ ప్రకటించిన రేంజిని మాత్రం దారి లెక్కకు వాడకండి. కారెన్స్ క్లావిస్ ఈవీకి 42 యూనిట్ల రకంలో 404, 51.4 యూనిట్ల రకంలో 490 కిలోమీటర్లని ప్రకటించారు, 38 యూనిట్ల విండ్సర్‌కు 332. హైవే మీద తొంభై, వంద వేగంతో, ఏసీతో, నిండా మనుషులతో వెళ్లేటప్పుడు అందులో మూడింట రెండు వంతులే చేతిలో ఉన్నట్టు లెక్క వేసుకుంటే దారిలో కంగారు ఉండదు. సెడాన్‌లో వందకు పైగా వేగంతో వెళ్లడం అలవాటున్నవారికి ఈ తేడా ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

## పాత సెడాన్‌ను అమ్మేటప్పుడు

పాత ఎలక్ట్రిక్ కారుకు మంచి ధర రావాలంటే ఏం చేయాలి?

కొనేవారి భయమంతా బ్యాటరీ గురించే. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ ఆరోగ్య నివేదిక తీయించి కాగితం చేతిలో పెట్టండి. టిగోర్ ఈవీ వంటి వాటికి బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. అందులో ఇంకా మిగిలి ఉన్నది స్పష్టంగా రాసి చూపండి. వంద శాతం ఛార్జ్ చేసిన బండిలో కొనేవారిని ఎక్కించుకొని నల్లగొండ నుంచి నాగార్జునసాగర్ దాకో, మహబూబ్‌నగర్ నుంచి కొత్తకోట దాకో తీసుకెళ్లి వస్తే, మిగిలిన ఛార్జ్ చూసి వారికి కలిగే నమ్మకం ఏ ప్రకటనతోనూ రాదు. ఎక్స్ఛేంజ్ కింద షోరూమువారు చెప్పే ధరను ఒక్కటే విని ఒప్పుకోకండి. జిల్లాలో పరిచయస్తులకు నేరుగా అమ్మితే సాధారణంగా ఎక్కువ గిడుతుంది, దానికి ఓపిక కావాలి, అంతే.

బండి పేరు మార్పిడికి ఏ కాగితాలు?

ఫారం 29, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలు, ఆర్‌సీ, నడుస్తున్న బీమా. అప్పు ఉంటే బ్యాంకు నుంచి ఫారం 35, నిరభ్యంతర పత్రం తెచ్చి ముందు ఆ తాకట్టు తొలగించాలి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలోని అమ్మకాన్ని అమ్మినవారు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. తాళం చేతులు మారిన రోజే ఫోన్ యాప్‌లో మీ ఖాతాను బండి నుంచి తొలగించండి. చాలామంది ఇది మరచిపోతారు. తర్వాత కూడా మీ పాత బండి ఎక్కడుందో మీ ఫోన్‌కు తెలుస్తూనే ఉంటుంది, కొన్నవారికి అది ఎంత మాత్రం సబబు కాదు.

## కొనేటప్పుడు

రోడ్డు ట్యాక్సు మాఫీ పెద్ద బండికీ వర్తిస్తదా?

వర్తిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు రాష్ట్రంలో రిజిస్టర్ అయ్యే ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్నునూ, రిజిస్ట్రేషన్ రుసుమునూ పూర్తిగా మినహాయించింది. బండి పొడవును బట్టి గానీ, ధరను బట్టి గానీ తేడా లేదు. బుకింగ్ రోజు కాదు, రిజిస్ట్రేషన్ రోజే లెక్క కాబట్టి గడువు దగ్గర పడుతున్నప్పుడు బండి చేతికి వచ్చే తేదీని రాతపూర్వకంగా అడగండి. జీఎస్టీ కూడా ఎలక్ట్రిక్ కార్లన్నింటికీ ఒకే 5 శాతం. పెట్రోలు కార్లలో ఉన్నట్టు నాలుగు మీటర్లు దాటితే పన్ను పెరగడం ఇక్కడ లేదు.

లోన్ వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు ఈసారి కూడా వస్తుందా?

రాదు. 80ఈఈబీ సెక్షన్ కింద ఏడాదికి లక్షన్నర వరకు ఇచ్చిన ఆ మినహాయింపు 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 మధ్య మంజూరైన అప్పులకే. పాత సెడాన్ మీద అనుభవించినవారు కొత్త బండికి కూడా అదే లెక్క వేసుకొని బడ్జెట్ పెంచుకోవద్దు.

బ్యాటరీని అద్దెకు తీసుకొని బండి కొనే పద్ధతి లాభమేనా?

మీరు తిరిగే దూరాన్ని బట్టి ఉంటుంది. విండ్సర్ విడుదలైనప్పుడు పూర్తి ధర 13.50 లక్షలతో, బ్యాటరీ అద్దె పద్ధతిలో అయితే 9.99 లక్షలతో మొదలైంది, అద్దె కిలోమీటరుకు 3.50 రూపాయలు. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగేవారికి ఆ అద్దె 5,250 అవుతుంది, కరెంటు ఖర్చు దానికి అదనం. అలా అయిదేళ్లు తిరిగితే 3,15,000 అవుతుంది, మొదట్లో మిగిలిన మూడున్నర లక్షల్లో చాలా భాగం అక్కడే తిరిగి పోతుంది. నల్లగొండ నుంచి హైదరాబాదుకు వారానికి రెండు సార్లు వెళ్లి వచ్చేవారికి ఈ పద్ధతిని నేను సూచించను. ఊళ్లోనే తిరిగే ఇంటికి పనికిరావచ్చు, అయితే ఒప్పందంలో నెలకు కనీస కిలోమీటర్లు ఎన్ని పెట్టారో చదివాకే సంతకం చేయండి.

బీమా ఎందుకు ఇంత పెరిగింది?

రెండు కారణాలు. బండి విలువ పెరిగింది గనుక సొంత నష్టం ప్రీమియం పెరుగుతుంది. థర్డ్ పార్టీ ప్రీమియం మోటారు శక్తిని బట్టి మారుతుంది: 2022 జూన్‌లో అమలులోకి వచ్చిన ధరల్లో 30 నుంచి 65 కిలోవాట్ల ఎలక్ట్రిక్ కార్లకు ఏడాదికి 2,904 రూపాయలు, 65 దాటితే 6,712. టిగోర్ ఈవీ 55 కిలోవాట్లది, కొత్త కుటుంబ బండ్లు సుమారు 100 కిలోవాట్లు, ఆపైన ఉన్నవి, కాబట్టి మీరు పై మెట్టుకు వెళ్తారు. దీన్ని తప్పించుకోలేరు. తగ్గించుకోగలిగింది సొంత నష్టం భాగమే: క్లెయిమ్ లేని ఏళ్లకు వచ్చిన నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. పాత బండి అమ్మేటప్పుడు దాన్ని నిలుపుకునే లేఖను బీమా సంస్థ నుంచి తీసుకుంటే కొత్త పాలసీలో 50 శాతం దాకా తగ్గింపు రావచ్చు.

పాత ఫాస్టాగ్ తీసి కొత్త బండికి అతికించొచ్చా?

కుదరదు, ఒక్కో బండికి ఒక్కో ఫాస్టాగ్. పాతదాన్ని మూయించి మిగిలిన డబ్బు వెనక్కి తీసుకోండి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన వార్షిక పాస్ కూడా ఆ బండి నంబరుకే కట్టుబడి ఉంటుంది. పంతంగి, కొర్లపహాడ్ గేట్లు తరచూ దాటేవారు పాస్ అయిపోవచ్చిన సమయంలో బండి మార్చుకుంటే నష్టం తగ్గుతుంది.

## ఇంట్లో ఛార్జింగ్

పాత కారు ఛార్జర్ కొత్త బండికి పనికొస్తదా?

2021 తర్వాత వచ్చిన సెడాన్ అయితే ఇంటి ఛార్జింగ్ ప్లగ్గు టైప్ 2 అనే రకం కాబట్టి సరిపోతుంది, ఎయిర్ కండిషనర్లకు వాడే ప్లగ్గు సాకెట్‌తో పని చేసే ఆ 15 ఆంపియర్ల ఛార్జర్‌తోనే కొత్త బండినీ నింపుకోవచ్చు. అయితే 26 యూనిట్ల బ్యాటరీని తొమ్మిది గంటల్లో నింపిన అదే ఛార్జర్ 51 యూనిట్ల బ్యాటరీకి పదిహేడు, పద్దెనిమిది గంటలు తీసుకుంటుంది. ఈ అంకె చూసి చాలామంది గాబరాపడి వెంటనే పెద్ద ఛార్జర్ బిగించుకుంటారు. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగే ఇంటికి రాత్రి కావలసింది పది యూనిట్లే, అది నాలుగు గంటల పని. మొదటి రెండు నెలలు పాత ఛార్జర్‌తోనే గడిపి చూడండి.

11 కిలోవాట్ల ఛార్జర్ పెట్టించుకోవాలంటే?

దానికి త్రీ ఫేజ్ కనెక్షన్ తప్పనిసరి. సింగిల్ ఫేజ్ మీద నడిచే ఛార్జర్లు 7.4 కిలోవాట్ల దాకానే ఉంటాయి, అంత పెద్దది 32 ఆంపియర్లు లాగుతుంది. ఏది పెట్టినా ముందుగా మీ ప్రాంతపు కరెంటు ఆఫీసులో, అంటే సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) కార్యాలయంలో లోడు పెంచమని దరఖాస్తు చేసి, అదనపు లోడుకు డిపాజిట్ కట్టాలి. మీటరు నుంచి ఛార్జర్ దాకా విడి వైరు లాగించాలి, దానికి సొంత ఎమ్‌సీబీ (లోడు మించితే ఆపే స్విచ్), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్) ఉండాలి. గీజరుకు వేసిన వైరు మీదే దీన్ని కలిపేస్తామనే ఎలక్ట్రీషియన్‌ను పంపించేయండి.

నెల కరెంటు బిల్లు ఎంత పెరుగుతది?

లెక్క వేసి చూపుతాను. నెలకు 1,200 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. ఛార్జింగ్‌లో పోయే పదో వంతు కూడా కలిపితే సెడాన్‌కు దాదాపు 165 యూనిట్లు, పెద్ద బండికి 203 యూనిట్లు కావాలి. ఇంటి వాడకం 180 యూనిట్లు అనుకోండి. 2022 ఏప్రిల్‌లో అమలైన గృహ ధరల్లో 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున, తర్వాతి వంద 7.70 చొప్పున, ఆపై వంద 9 రూపాయల చొప్పున పడతాయి. సెడాన్ ఉన్నప్పుడు 345 యూనిట్లకు 2,195 రూపాయలు, పెద్ద బండి వచ్చాక 383 యూనిట్లకు 2,537 రూపాయలు, రెండింటికీ స్థిర ఛార్జీలు అదనం. బండి మార్చినందువల్ల నెలకు పెరిగేది 342 రూపాయలు. కరెంటు ఖర్చును చూసి పెద్ద బండిని వద్దనుకోనక్కర లేదని నా అభిప్రాయం. అసలు భారం బండి ధరలోనూ బీమాలోనూ ఉంది.

ఊళ్లో అమ్మానాన్నలకు జీరో బిల్లు వస్తుంది. అక్కడ కారు ఛార్జ్ పెడితే పోతదా?

జాగ్రత్తగా ఉండాలి. గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి అర్హులైన తెల్ల రేషన్ కార్డు ఇళ్లకు నెలకు 200 యూనిట్ల లోపు వాడకమైతే బిల్లు రాదు, దాటిన నెలకు మొత్తం బిల్లు కట్టాలి. సెడాన్‌ను ఊళ్లో ఒకసారి నింపితే 25 యూనిట్ల చిల్లర, పెద్ద బండిని నింపితే 50 యూనిట్ల పైన. వేసవిలో కూలరు నడుస్తూ ఇప్పటికే 160 యూనిట్లు కాలుతున్న ఇంట్లో మీ ఒక్క రాత్రి ఛార్జింగ్ వారి జీరో బిల్లును పోగొట్టవచ్చు. ఊరికి బయలుదేరే ముందు మీ ఇంట్లోనే నింపుకొని వెళ్లండి, లేదా తిరిగి రావడానికి చాలినంత మాత్రమే అక్కడ పెట్టుకోండి. పెద్దవాళ్లు మొహమాటంతో చెప్పరు, మనమే ముందు మీటరు చూడాలి.

బావి కాడి మోటారు కనెక్షన్ మీద ఛార్జ్ చేయొచ్చా?

చేయకూడదు. అది వ్యవసాయానికి ఇచ్చిన ఉచిత కరెంటు. వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకంగా లెక్కగట్టి రెట్టింపు ధర వసూలు చేస్తారు. పైగా మోటారు స్టార్టర్ల దగ్గర వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది, అది ఛార్జర్‌కు చేటు.

ఎర్తింగ్ సరిగా లేదని ఛార్జర్ ఎర్ర దీపం చూపిస్తుంది, ఎందుకు?

మన ఎర్ర నేలలు, బండరాతి నేలలు ఎండాకాలంలో తడి లేకుండా పోతాయి. అప్పుడు ఎర్త్ గుంత పని చేయదు, ఛార్జర్ తన భద్రత కోసం ఆగిపోతుంది. సెడాన్‌తో మూడేళ్లు సాఫీగా నడిచిన గుంత, ఎక్కువ కరెంటు లాగే కొత్త ఛార్జర్ దగ్గర మొరాయించవచ్చు. ఉప్పు, బొగ్గు వేసి కొత్తగా గుంత తీయించి, మార్చి నుంచి జూన్ దాకా వారానికి రెండు సార్లు బకెట్ నీళ్లు పోయండి. ఎర్త్ లేకుండా ఛార్జ్ అయ్యేలా అడాప్టర్ పెట్టిస్తామని ఎవరైనా చెబితే దయచేసి ఒప్పుకోకండి, పిల్లలు ముట్టుకునే బండి అది.

సోలార్ పెట్టుకుంటే బండికి సరిపోతదా?

మూడు కిలోవాట్ల పలకలు మన ఎండకు రోజుకు సగటున పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి, అంటే నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగే పెద్ద బండికి పోగా ఇంటికి కూడా కొంత మిగులుతుంది. పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లు, ఆపైన అయితే 78,000 రూపాయల రాయితీ ఉంది. నెట్ మీటరు ఉంటే పగలు ఇచ్చిన కరెంటును రాత్రి ఛార్జింగ్ లెక్కలో సర్దుబాటు చేస్తారు కాబట్టి బండిని పగలు ఇంట్లో ఉంచనక్కర లేదు.

## దారిలో

విజయవాడ హైవే మీద, కర్నూలు హైవే మీద ఛార్జింగ్ దిగులు ఉందా?

నల్లగొండ నుంచి గానీ మహబూబ్‌నగర్ నుంచి గానీ హైదరాబాదు దాదాపు వంద కిలోమీటర్లు, వెళ్లి రావడం ఒక్క ఛార్జ్‌లో అయిపోతుంది. సెడాన్‌తో హైదరాబాదులో ఎక్కడో ఒకచోట ప్లగ్గు వెతుక్కునే పని ఇప్పుడు పోయింది, నాకు ఈ మార్పులో అన్నిటికంటే తృప్తినిచ్చింది ఇదే. అరవై అయిదో నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా, నలభై నాలుగో నంబరు మీద షాద్‌నగర్, జడ్చర్ల వైపు హోటళ్ల దగ్గరా పెట్రోలు బంకుల్లోనూ వేగవంతమైన ఛార్జర్లు వచ్చాయి. హైవే దిగి లోపలికి వెళ్తే మాత్రం ఇల్లు వదిలేటప్పుడున్న ఛార్జే మీ భరోసా.

ఛార్జర్ శక్తిని కూడా చూడండి. కారెన్స్ క్లావిస్ ఈవీ 100 కిలోవాట్ల ఛార్జర్ దగ్గర 10 నుంచి 80 శాతానికి 39 నిమిషాల్లో చేరుతుందని కంపెనీ చెబుతుంది, 30 కిలోవాట్ల ఛార్జర్ దగ్గర అదే పనికి గంట పైన పడుతుంది. బయటి ఛార్జింగ్‌కు 18 శాతం జీఎస్టీ కూడా కలుస్తుంది, ఇంటి ధరకు రెట్టింపు పైనే అవుతుంది.

శ్రీశైలం పోయి రావచ్చా?

రావచ్చు, ఒక పద్ధతి ప్రకారం. మన్ననూరు దాటితే నల్లమల అడవి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడి నుంచి శ్రీశైలం వెళ్లి తిరిగి మన్ననూరు చేరడానికి సుమారు 150 కిలోమీటర్లు, మధ్యలో ఆనకట్ట దగ్గరికి దిగి మళ్లీ ఎక్కే ఘాట్ రోడ్డు ఉంది. నిండా మనుషులున్న బరువైన బండి ఎక్కేటప్పుడు సెడాన్ కంటే గట్టిగా యూనిట్లు తింటుంది, దిగేటప్పుడు బ్రేకింగ్‌తో కొంత తిరిగి వస్తుంది గానీ తిన్నదంతా రాదు. కల్వకుర్తి, అచ్చంపేట వైపు నిండుగా ఛార్జ్ ఉండేలా చూసుకొని, అడవిలోకి కనీసం 80 శాతంతో ప్రవేశించండి. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవి దారి మూసి ఉంటుంది కాబట్టి సాయంత్రం ఛార్జింగ్ కోసం ఆలస్యం చేసుకుంటే ఆ రాత్రి అక్కడే ఉండిపోవాలి.

మన ఎండలకు ఇంత పెద్ద బండిలో ఏసీ తట్టుకుంటదా?

తట్టుకుంటుంది, కానీ మొదటి పది నిమిషాలు ఓపిక పట్టాలి. క్యాబిన్ పెద్దది, అద్దాలు పెద్దవి, 44, 45 డిగ్రీల రోజున లోపల నిలిచిన వేడి కూడా ఎక్కువ. బండి ప్లగ్గుకు ఉండగానే ఫోన్ నుంచి ఏసీ వేస్తే ఆ మొదటి చల్లదనం ఖర్చు బ్యాటరీ మీద పడదు. మూడో వరుసకు విడిగా గాలి మూతులు ఉన్నాయో లేదో కొనే ముందు చూడండి, లేకుంటే మే నెలలో వెనుక కూర్చున్న పిల్లలకు అది శిక్షే. వేగవంతమైన ఛార్జింగ్‌ను మిట్ట మధ్యాహ్నం కాకుండా ఉదయం పెట్టుకుంటే త్వరగా అవుతుంది.

## మొదటి ఏడాది

రోజూ వంద శాతం నింపాలా, ఎనభై దగ్గర ఆపాలా?

బ్యాటరీ రకాన్ని బట్టి మారుతుంది. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకానికి వారానికి ఒకసారైనా వంద దాకా నింపమంటారు, లేకుంటే మీటరు చూపే శాతం తప్పుతుంది. ఎన్‌ఎమ్‌సీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకాన్ని రోజువారీ 80 దగ్గర ఆపి, దూర ప్రయాణానికి ముందు మాత్రమే నింపడం మేలు. పాత సెడాన్ అలవాటును అలాగే కొనసాగించకుండా కొత్త బండి పుస్తకంలో ఏ రకమో చూసుకోండి.

టైర్లు తొందరగా అరుగుతాయా?

అరుగుతాయి, ఖర్చు కూడా ఎక్కువే. టిగోర్ ఈవీకి 14 అంగుళాల చక్రాలు, వీటికి 17, 18 అంగుళాలు. నెలకోసారి ఉదయం చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. నిండా మనుషులతో వెళ్లే రోజున తలుపు దగ్గర అతికించిన పట్టికలో పూర్తి బరువుకు రాసిన ఒత్తిడి పెట్టండి.

బండి నుంచి ఇంటికి కరెంటు తీసుకోవచ్చా?

ఆ సౌకర్యం ఉన్న బండి అయితే ఫ్యాన్లు, లైట్లు, మిక్సీ వంటివి నడపవచ్చు. కారెన్స్ క్లావిస్ ఈవీ, విండ్సర్ ప్రో వంటి వాటిలో ఉంది. గాలివానకు ఊళ్లో రాత్రంతా కరెంటు పోయినప్పుడు రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లకు అయ్యేది రెండు యూనిట్ల లోపే. అయితే వైరును నేరుగా ఆయా వస్తువుకే కలపాలి. ఇంటి స్విచ్ బోర్డులోకి వెనక్కి ఎక్కిస్తే స్తంభం మీద పని చేసే లైన్‌మన్ ప్రాణానికి ముప్పు.

స్టెప్నీ లేదంట, పంక్చరైతే ఎట్ల?

కొత్త ఎలక్ట్రిక్ బండ్లలో చాలావాటికి అదనపు చక్రం ఇవ్వరు, గాలి పంపు, పంక్చరు మందు మాత్రమే ఇస్తారు. మేకు దిగిన రంధ్రానికి అవి చాలు, పక్క గోడ చీలితే చాలవు. నల్లమల వైపు, మారుమూల తండాల వైపు వెళ్లేవారు సరైన కొలతల చక్రాన్ని విడిగా కొని, ఆ రోజు డిక్కీలో వేసుకొని వెళ్లడం మంచిది. పడుకోబెట్టిన మూడో వరుస మీద అది సులువుగా పడుతుంది. జాకీ, పానా కూడా చాలా బండ్లలో ఉండవు, వాటిని చక్రంతో పాటే కొనండి.